నీళ్లు పోయే తొవ్వ

విజేందర్ కొత్త ఇల్లు నల్లగొండల దేవరకొండ రోడ్డు దిక్కు, ఈ మధ్యనే ప్లాట్లు చేసిన జాగల ఉన్నది. ఆయన ఒక సర్కారు ఆఫీసుల సూపరింటెండెంటు. పెండ్లయినప్పటి సంది కిరాయి ఇండ్లల్లనే బతికిండు. అందుకే సొంతిల్లు కట్టేటప్పుడు పొద్దున ఆఫీసుకు పొయ్యేముందు, మాపటికి వచ్చినంక అక్కడనే నిలబడి కట్టిపిచ్చుకున్నడు. ముందట సిట్‌ఔట్‌కు నల్ల గ్రానైటు ఏపిచ్చిండు. దాని ముందర గేటు దాకా పువ్వుల డిజైను టైల్సు. ఇంటెనుక, ప్రహరీ గోడకూ ఇంటికీ నడుమ మిగిలిన జాగల షాబాదు బండలు పరిపిచ్చి, సగం మీద రేకులు కప్పిపిచ్చిండు.

"ఎనుక బండలేసింది మా అమ్మ కోసం," అని ఇల్లు చూడొచ్చినోళ్లకు చెప్పేటోడు. "ఆమెకు ఇంత గాలి, ఇంత ఎండ కావాలె. గోడల నడుమ ఉండలేదు."

ఆ మాటల సగమే నిజమని ఆయనకొక్కనికే తెలుసు.

ఆయన తల్లి పేరు నాగులమ్మ. వాళ్లది మర్రిగూడ మండలంల ఒక ఊరు. ఆ దిక్కు భూమిల ఫ్లోరైడు. మిషన్ భగీరథ నల్లా నీళ్లు రాకముందు ఊరంతా బోరింగు నీళ్లే తాగింది. నాగులమ్మకు నలభై దాటకముందే నడుము వంగింది. తర్వాత మోకాళ్లు ముడుసుకపోయినయి. ఇప్పుడామె నిలబడలేదు. రెండు అరచేతులు నేలకు ఆనిచ్చి, కూసున్నది కూసున్నట్టే ముందుకు జరుగుతది. పండ్లు గోధుమ రంగుకు తిరిగి సగం ఊడిపోయినయి.

విజేందర్ పండ్లు మాత్రం తెల్లగుంటయి. ఆయన చిన్నప్పుడు నాగులమ్మ రోజూ పొద్దుగాల పొరుగూరి బావికి నడిచిపోయి ఒక బిందె నీళ్లు తెచ్చేది. ఆ బావి నీళ్లు మంచియని ఎవరో చెప్పిన్రు. ఆ బిందె కొడుకు ఒక్కనికే. తానూ, పెనిమిటీ బోరింగు నీళ్లే తాగేటోళ్లు. రెండో బిందె మోసే బలం ఆమెకు లేకుండె. విజేందర్ పెద్దగై నౌకరీల చేరినంక ఆఫీసుల కొందరు, "మీది మర్రిగూడ దిక్కంటే నమ్మబుద్ధి కాదు సార్," అనేటోళ్లు. ఆయనకు ఆ మాట ఇష్టముండేది.

తండ్రి చచ్చిపోయినంక తల్లిని తన దగ్గరికే తెచ్చుకున్నడు. మందులకు, తిండికి, బట్టకు ఏ లోటూ చెయ్యలేదు. భార్య శ్రీదేవి అత్తకు తలస్నానం చేపిచ్చేది, జడేసేది. బిడ్డ నిహారిక అవ్వ పక్కనే పండుకునేది. అయితే ఎవరన్న ఇంటికొస్తున్నరంటే విజేందర్ ముందే లోపలికి పోయి, "అమ్మా, జర అర్రల కూసో," అనేటోడు. నాగులమ్మ జరుగుకుంట అర్రలకు పొయ్యేది.

కిరాయి ఇంట్ల ఉన్నప్పుడు ఒకనాడు ఆఫీసర్ రఘుపతి సార్ చెప్పకుండ వచ్చిండు. దగ్గర్లనే ఏదో పెండ్లి ఉంటే, అటునుంచి అటే దిగిండు. ఆ ఘడియకు శ్రీదేవి బజారుకు పోయింది, నిహారిక కాలేజీల ఉన్నది. నాగులమ్మ హాలు నడుమ నేల మీద చేతులానిచ్చి వంటింటి దిక్కు పోతాంది. సార్ కండ్లు ఆమె మీద పడ్డయి.

"ఎవరు విజేందర్, ఈమె?"

"మా ఊరామె సార్. దవాఖానల చూపిచ్చుకుందామని వచ్చింది."

ఆ మాట నోట్లకెల్లి దానంతట అదే వచ్చింది. నాగులమ్మ అప్పటికే వంటింటి గడప కాడికి చేరింది. ఎనుకకు తిరిగి చూడలేదు. ఆమెకు ఒక చెవు సరిగ్గ ఇనపడదు గదా, ఇనలేదనుకున్నడు. ఆ మాపటికి ఆమెకు ఇష్టమని లేత మక్క కంకులు తెచ్చి, తనే కాల్చి పెట్టిండు. ఆమె మామూలుగనే తిన్నది. ఆయన మనసు కుదుటపడ్డది.

కొత్త ఇంట్ల ఎనుక బండలు పరిచిన రోజు సుతారి సైదులు విజేందర్‌ను పిలిచిండు. ఇల్లు మొదలైనకాడికెల్లి గోడల పని, బండల పని అతనిదే.

"సార్, బండలకు ఈ మూల దిక్కు వాటమిచ్చిన. ఎన్ని నీళ్లు పడ్డా ఇటే వస్తయి. పక్క సందు దీనికంటే ఎత్తున్నది, నీళ్లు అటు పోవు. ఇగ ఈ మూలకెల్లి పైపేసి, సందుల నుంచి తీస్కపోయి రోడ్డు పక్క మోరీల కలపాలె."

"సందుల నుంచి అంటే, ముందట టైల్సు కిందికెల్లి పోవాలెనా?"

"పోవాలె సార్. గేటు పక్కపొంటి ఒక వరుస తియ్యాలె. ఇంటి మీది వాన నీళ్ల పైపులు రెండూ ఎనుకకే దించినం. ముందట దించితే ఎలివేషను ఖరాబైతదని మీరే అంటిరి. మిద్దె మీది నీళ్లు, ఈడ పడ్డ నీళ్లు, అన్నీ ఈ మూలకే వస్తయి."

విజేందర్ ముందటికి పోయి టైల్సు చూసిండు. పని అయి వారం కాలేదు. ఆ డిజైను దొరుకుతలేదని హైదరాబాదు దాకా పోయి తెచ్చిన టైల్సు. గృహప్రవేశానికి కార్డులు గూడ పంచిండ్రు.

"ఇప్పుడద్దు," అన్నడు. "ఫంక్షన్ అయినంక చూద్దాం. ఎనుకకు ఎవలొచ్చి చూస్తరు."

శ్రీదేవి అక్కడనే ఉన్నది. "అత్తమ్మ కూసునేది ఆడనే గదా," అన్నది.

"వానొస్తే లోపలికి తెచ్చుకుంటం. నాలుగు దినాలకు ఏం కాదు."

సైదులు, పైపు కోసమని మూలకు విడిచిన బొర్రలకెల్లి పందికొక్కులు రాకుండ గోనెపట్టా కుక్కి, మీదికెల్లి సిమెంటు పూసిండు.

గృహప్రవేశం శ్రావణమాసంల పెట్టుకున్నరు. తెల్లారగట్ల పాలు పొంగిచ్చిన్రు. అప్పుడు నాగులమ్మ పొయ్యి కాడనే ఉన్నది. కొడుకు తెచ్చిన ఆకుపచ్చ చీర కట్టుకున్నది. పాలు పొంగంగనే చేతులెత్తి దండం పెట్టింది. పూజ మొదలయ్యేముందు విజేందర్ వచ్చి ఆమె పక్కన కూసున్నడు.

"అమ్మా, ఇగ మంది మస్తుగొస్తరు. ఎవరి కాళ్లన్న తగులుతయి. ఎనుక రేకుల కింద కూసుంటే చల్లగుంటది నీకు."

"సరే బిడ్డా," అన్నది ఆమె.

ఆయనే ఎత్తుకపోయి రేకుల కింద బొంత పరిచి కూసోబెట్టిండు. ఎత్తుకుంటే ఆమె ఏమంత బరువుండదు. మర్రిగూడ నుంచి ఆమె తమ్ముడు గుర్వయ్య పెండ్లాం పిల్లలతోటి వచ్చిండు. వచ్చినాయన నేరుగ అక్క కాడికే పోయి చానా సేపు కూసున్నడు. "పూజ కాడికి పోరా, నేనెటు పోత," అని అక్కనే ఆయనను లోపలికి తోలింది.

పగటాళ్లకు రఘుపతి సార్ కారు గేటు ముందర ఆగింది. విజేందర్ కిటికీలకెల్లి చూసిండు. హాలుల నిలబడితే వంటిల్లు, వంటింటి అవతల ఎనుక తలుపు, తలుపు అవతల ఆకుపచ్చ చీర కనపడుతాంది. ఆయన వడివడిగ పోయి ఎనుక తలుపు మూసి గడియ పెట్టిండు. వంట చేసే ఆమె చూస్తాంటే, "గాలికి కొట్టుకుంటాంది," అన్నడు.

సార్ లోపలికొచ్చి ఇల్లంతా తిరిగి చూసిండు. హాలు సీలింగు బాగుందన్నడు. కూసొని చల్ల తాగుతాంటెనే వాన మొదలైంది. మొదట చిన్న చినుకులే. ఆ తర్వాత ఒక్కపారే దంచుడు మొదలుపెట్టింది. ముందట షామియానా కింద తింటున్నోళ్లు ఇస్తార్లు పట్టుకొని లోపలికి ఉరికొచ్చిన్రు. హాలంతా మంది. ఎనుక రేకుల మీద వాన పడే చప్పుడుకు పక్కనున్నోళ్ల మాట గూడ ఇనపడుత లేదు.

విజేందర్‌కు తల్లి యాదికొచ్చింది. రేకుల కింద ఉన్నది గదా, తడవదనుకున్నడు. ఇంతల ఎవరో పూజారికి తాంబూలం ఇయ్యాలెనని పిలిచిన్రు. మళ్ల కొంచెం సేపటికి యాదికొచ్చింది. లేద్దామనుకునే సరికి సార్ ఆఫీసు ముచ్చట ఏదో ఎత్తిండు. సార్ మాట్లాడుతుంటే నడుమల ఎట్ల లేవాలె అనుకున్నడు. మిద్దె మీది నీళ్లు ఎనుకకే దిగుతయని, మూల బొర్ర బందు చేసి ఉన్నదని ఆ ఘడియల ఆయనకు తోచనే లేదు.

నిహారిక అవ్వకు ఇస్తారి పట్టుకొని వంటింట్లకు పోయింది. "ఎనుక తలుపుకు గడియ ఎవరు పెట్టిన్రు?" అన్న ఆమె మాట ఎవరికీ సరిగ్గ ఇనపడలేదు. గడియ తీసి తలుపు లాగింది.

గడప మీదికెల్లి నీళ్లు ఒక్కసారే లోపలికి దూకినయి. వంటింట్లకెల్లి హాలులకు, కొత్త టైల్సు మీద బురదగ పారుకుంట వచ్చినయి. ఆ నీళ్లల్ల రాలిన మామిడాకులు, ఎవరిదో కాగితం గ్లాసు. కుర్చీలల్ల కూసున్నోళ్లు కాళ్లు పైకి లేపిన్రు. రఘుపతి సార్ లేచి నిలబడ్డడు. అందరు నీళ్లొస్తున్న దిక్కు తిరిగిన్రు.

తలుపు బయట మెట్టు కాడ నాగులమ్మ ఉన్నది. రేకుల కిందికెల్లి నీళ్లల్లనే జరుగుకుంట మెట్టు దాకా వచ్చింది గాని, మీదికి ఎక్కలేకపోయింది. నడుము దాకా నీళ్లల్ల కూసొని రెండు చేతులతోటి గడప పట్టుకున్నది. ఆకుపచ్చ చీర నీళ్ల మీద తేలుతాంది. బొంత దూరంగ మూలకు కొట్టుకపోయింది. తలుపు కొట్టీ కొట్టీ ఆమె వేళ్ల కణుపులు కమిలినయి.

నిహారిక ఇస్తారి కింద పడేసి నీళ్లల్లకు దిగింది. గుర్వయ్య మందిని నెట్టుకుంట వచ్చి అక్కను చంకల కింద పట్టి లేపి, వంటింట్ల పీట మీద కూసోబెట్టిండు. ఆమె వణుకుతాంది. విజేందర్ వంటింటి దర్వాజ కాడికి వచ్చి అక్కడనే ఆగిండు. ఆయన ఎనుకనే రఘుపతి సార్ వచ్చిండు.

"అమ్మా, బాగనే ఉన్నరా?" అని సార్ అడిగిండు. "మిమ్ముల ఆ మధ్యన గూడ చూసినట్టున్న."

నాగులమ్మ తలెత్తి ముందుగాల కొడుకు మొఖం దిక్కు చూసింది. తర్వాత సార్ దిక్కు తిరిగింది.

"అవు సారూ. నేను వీళ్ల ఊరామెను. దవాఖానకని వచ్చిన. లోపల మంది ఉన్నరని నేనే ఎనుక కూసుంటనన్న. వీళ్ల తప్పేం లేదు."

గుర్వయ్య అక్క మొఖంల మొఖం పెట్టి చూసిండు.

"ఏమంటున్నవక్కా? కొడుకు ఇంట్ల కూసొని ఊరామెనంటవేంది? సలికి సోయి తప్పిందా?"

"నువ్వు ఊకోరా," అన్నది ఆమె మెల్లగ.

హాలుల చుట్టాలు, ఆఫీసోళ్లు, పక్క ప్లాట్లోళ్లు అందరు ఇన్నరు. శ్రీదేవి ఏమీ అర్థంగాక పెనిమిటి దిక్కు చూసింది. నిహారిక గూడ చూసింది. విజేందర్ చెంపలు మండినయి, కాళ్ల కింద నీళ్లు మాత్రం చల్లగ తగులుతున్నయి. తల్లి ఇన్నది. ఆనాడే ఇన్నది. ఇన్ని దినాలు కడుపుల దాచుకొని, ఇయ్యాల నీళ్లల్లకెల్లి లేపంగనే ఆయన మాట పోకుండ చూసింది. సార్ ఆయన జవాబు కోసమని ఏం ఆగలేదు. అయినా చెప్పకుంటే ఆ ఇంట్ల ఇగ నిలబడలేనని ఆయనకు తెలిసిపోయింది.

"మా అమ్మ సార్," అన్నడు. మళ్ల అన్నడు. "మా సొంత అమ్మ."

రఘుపతి సార్ ఆయన మొఖం చూడలేదు.

"ముందుగాల పొడి బట్టలు కట్టియ్యండ్రి. పెద్దామె వణుకుతాంది," అన్నడు. కొద్ది సేపటికి వాన తగ్గింది. సార్ దండం పెట్టి పోయిండు. అన్నం తినలేదు. ఆయన ఎనుకనే ఆఫీసోళ్లు గూడ ఒక్కొక్కరు లేచిన్రు.

చుట్టాలే మిగిలిన్రు. ఆడోళ్లు చీరలు ఎత్తి పట్టుకొని చీపుర్లతోటి నీళ్లు ఎల్లగొట్టిన్రు. గుర్వయ్య ఎనుకకు పోయి, గడ్డపారతోటి మూలకున్న సిమెంటు పగలగొట్టి గోనెపట్టా గుంజిండు. పైపు లేదు గనుక నీళ్లు గోడ పునాది పొంటనే ఇంకుకుంట పోయినయి. చేతులు కడుక్కొని వచ్చి మేనల్లుని ముందర నిలబడ్డడు.

"అక్కను నేను తీస్కపోత," అన్నడు.

"మామా, ఇయ్యాల వద్దు. నేను..."

"నీళ్లు పోయే తొవ్వ లేని కాడ మనిషిని కూసోబెట్టి గడియేస్తివి. ఆ తొవ్వ చేసినంక వచ్చి తోల్కపో. అప్పటిదాంక మా ఇంట్ల ఉంటది."

శ్రీదేవి అత్త బట్టలు, మందులు సంచిల సర్ది ఇచ్చింది. నిహారిక అవ్వతోటి ఆటోల ఎక్కి కూసున్నది. "నేను గూడ పోత," అన్నది. తండ్రి దిక్కు చూడకుండనే అన్నది.

అందరు పోయినంక శ్రీదేవి హాలుల గోడకు ఒరిగి కూసున్నది.

"ఊరామె అని అత్తమ్మకు ఎందుకనిపిచ్చింది?"

విజేందర్ చెప్పిండు. కిరాయి ఇంట్ల సార్ వచ్చిన నాటి ముచ్చట దాపకుండ చెప్పిండు. ఇంతకుముందు అది ఆయనకు నోటికెల్లి జారిన ఒక చిన్న మాట లెక్కనే ఉండె. భార్యకు చెప్తాంటే ఒక్కొక్క అక్షరం రాయిలెక్క తగిలింది.

శ్రీదేవి తిట్టలేదు. "నేను ఇన్నేండ్ల సంది ఆమెకు జడేస్తున్న. ఒక్కనాడన్న చెప్పలే నాకు," అన్నది. ఆమె అన్నది అత్త గురించే. మొగని గురించి ఒక్క మాట అనలేదు.

ఆఫీసుకు పోతే ఎవరూ ఏమీ అడగలేదు. ఎవరన్న అడిగితే చెప్పుకోవచ్చని, క్షమించుమని అనొచ్చని విజేందర్ ఎదురుచూసిండు. రఘుపతి సార్ ఫైళ్ల మీద సంతకాలు చేసి ఇస్తాండు, పని మాట మాట్లాడుతాండు, అంతే. ఇల్లెట్లున్నది అని మళ్ల ఎన్నడూ అడగలేదు. క్యాంటీన్‌ల నలుగురు మాట్లాడుకుంట ఉండి ఈయన రాంగనే ఆపితే, తన గురించే అనుకునేటోడు. ఎవరన్న నవ్వుతే తన పెదవులు దగ్గరికి మూసుకునేటోడు. తన తెల్ల పండ్లు ఎవరికన్న కనపడుడు ఆయనకు నచ్చకుంటైంది.

సైదులుకు ఫోన్ చేసి పిలిచిండు. సెలవు పెట్టిండు.

సైదులు సందు పొడవునా సున్నంతోటి గీత గీసిండు. నీళ్లు నింపిన సన్న పైపు పట్టుకొని ఈ కొస నుంచి ఆ కొస దాకా లెవల్ చూసిండు. ఎనుక మూలకు ఇనుప జాలి మూత పెట్టే చిన్న గుంత, సందు మలుపు కాడ ఇంకో గుంత, అక్కడికెల్లి గేటు పక్క నుంచి రోడ్డు మోరీ దాకా పైపు. విజేందర్ లుంగీ కట్టుకొని పార తీసుకున్నడు.

"మీకెందుకు సార్, కూలీలు వస్తరు," అన్నడు సైదులు.

"రానీ. నేను గూడ తవ్వుత."

మట్టి కింద ఇల్లు కట్టినప్పుడు పడేసిన ఇటుక ముక్కలు, కంకర గట్టిగ పేరుకొని ఉన్నయి. పార దిగలేదు. ఆఖరికి గడ్డపారతోటి పొడుచుకుంట పోవాల్సి వచ్చింది. సందు దాటి ముందటికి వచ్చినంక టైల్సు మీదికి సుత్తె లేపిండు. ఒక దెబ్బకు పువ్వు నడుమకెల్లి పగిలింది. పక్క ప్లాటు భీమయ్య గోడ మీదికెల్లి చూసి, "అయ్యో, మంచి టైల్సు ఎందుకు పగలగొడ్తున్నరు?" అన్నడు. ఆయన గృహప్రవేశం నాడు హాలులనే ఉన్నడు. అడిగినంక ఆయనకే యాదికొచ్చినట్టుంది, మొఖం తిప్పుకున్నడు.

"పైపు వెయ్యాలె," అన్నడు విజేందర్. "ముందుగాలనే వెయ్యాల్సింది."

తవ్విన కాల్వల ఇసుక పోసి, దాని మీద పైపు పండబెట్టిన్రు. సైదులు ప్రతి అతుకు దగ్గర వంగి చూసుకుంట పోయిండు. మిద్దె మీది నీళ్లు దిగే పైపులను గూడ తిన్నగ మూల గుంతలకే కలిపిండు. మట్టి పూడ్చి నీళ్లు కొట్టి దిమ్మిస చేసిన్రు. ముందట పగిలిన వరుసల అదే డిజైను టైల్సు దొరకలేదు. అక్కడ సిమెంటు పూపిచ్చి విడిచిపెట్టిండు. గేటు తీసి లోపలికి అడుగు పెట్టంగనే పువ్వుల నడుమ బూడిద రంగు పట్టీ కనపడుతది.

పని అయినంక విజేందర్ కారు తీసుకొని మర్రిగూడకు పోయిండు. నాగులమ్మ తమ్ముని ఇంటి ముంగట చింతపండు గింజలు తీసుకుంట కూసున్నది. నిహారిక కాలేజీకి ఆడికెల్లే బస్సుల పోయొస్తాంది, ఇంకా రాలేదు. గుర్వయ్య చేనుకు పోయిండు. విజేందర్ తల్లి ముందర నేల మీద కూసున్నడు. కొంచెం సేపు ఆయన గూడ గింజలు తీసిండు.

"పైపు ఏపిచ్చినవా?" అన్నది ఆమె.

"ఏపిచ్చిన."

"టైల్సు పోయినట్టున్నయి గదా."

"పోనీ అమ్మా."

ఆమె గింజలు ఒక దిక్కు, పండు ఒక దిక్కు ఏస్తాంది. వంకర తిరిగిన వేళ్లతోటి గూడ చేతి పని ఆగదు ఆమెకు.

"అమ్మా, ఆనాడు కిరాయి ఇంట్ల సార్‌తోటి నేనన్నది ఇన్నవా?"

"ఇన్న."

"మరి ఎందుకడగలే?"

"అడిగితే ఏం చెప్తవు బిడ్డా. చెప్పలేక నువ్వే మొఖం చిన్న చేసుకుందువు." ఆమె చెయ్యి కొంచెం సేపు ఆగింది. "నాకు గూడ ఉండేది. మీ బాపు ఉన్నప్పుడు పెండ్లిళ్లకు పిలిస్తే నేను రానని ఇంట్లనే ఉండేదాన్ని. ఈ ఒళ్లు చూసుకొని నాకే సిగ్గైతుండె. నీకు కాకుంట ఎట్లుంటది."

"నీకు సిగ్గయ్యేది వేరే అమ్మా. నాది వేరే."

ఆమె మళ్ల గింజలు తీసుడు మొదలుపెట్టింది.

"ఆనాడు నీళ్లల్లకెల్లి లేపినంక గట్లెందుకన్నవు?" అని మళ్ల అడిగిండు.

"సారుకు నువ్వట్ల చెప్పుకుంటివి గద. నేను ఇంకో తీరు చెప్తే, ఆయన ముందట నీ మాట పోతది. గుర్వడు పక్కకే ఉన్నడని సోయి లేకపాయె నాకు."

ఆమె ఆ మాట తప్పు చేసినదాని లెక్క అన్నది. విజేందర్ తల వంచుకున్నడు. నేల మీద పడ్డ గింజలు ఏరుడు మొదలుపెట్టిండు. కొడుకు ఏడుస్తాండని ఆమెకు తెలిసింది గాని, ఊకోమని అనలేదు. ఏడ్వనిచ్చింది.

మాపటికి గుర్వయ్య చేను నుంచి వచ్చిండు. "తొవ్వ చేసినవా?" అని ఒక్కటే అడిగిండు. చేసిన అని విజేందర్ అంటే అక్కను ఎత్తుకొచ్చి కారుల కూసోబెట్టిండు. నిహారిక అవ్వ పక్కన ఎక్కింది. తొవ్వ పొడుగునా ఆమె తండ్రితోటి రెండే ముక్కలు మాట్లాడింది. కిటికీ దించుమని ఒకసారి, అవ్వకు నీళ్లు కావాలెనని ఒకసారి.

తెల్లారి నాగులమ్మ పైపు చూస్తనన్నది. ఎనుక రేకుల కింద కూసోబెడితే మూల జాలిని, మిద్దె మీదికెల్లి దిగిన పైపులను చూసింది. "నీళ్లు ఎటు పోతయి?" అన్నది.

"రోడ్డు మోరీలకు. చూస్తవా?"

ఆయన ఆమెను ఎత్తుకున్నడు. వంటింట్లకెల్లి, హాలులకెల్లి నడిచి ముందటికి తెచ్చి సిట్‌ఔట్‌ల గ్రానైటు మీద కూసోబెట్టిండు. ఆ జాగల ఆమె కూసునుడు అదే మొదలు. నిహారిక ఎనుక మూలకు ఒక బకెట్ నీళ్లు పోసింది. కొంచెం సేపటికి గేటు పక్కన పైపు మూతికెల్లి నీళ్లు మోరీల పడ్డయి. నాగులమ్మ ముందుకు వంగి చూసి, "మంచిగనే పోతున్నయి," అన్నది.

అప్పుడే రోడ్డు మీద ఇద్దరు మొగోళ్లు నడుచుకుంట పోతాండ్రు. కొత్తగ ప్లాటు చూడొచ్చినోళ్లు కావచ్చు. గేటు కాడ ఆగి, ఇల్లు ఎవరు కట్టిన్రు, సుతారి ఎవరు అని అడిగిన్రు. అడుగుకుంటనే వాళ్ల చూపు నాగులమ్మ ముడుసుకపోయిన కాళ్ల మీదికి పోయింది.

"మా అమ్మ," అన్నడు విజేందర్. వాళ్లు ఆమె ఎవరని అడగలేదు. ఆయనే చెప్పిండు. గొంతు కొంచెం గట్టిగనే వచ్చింది, అవసరమున్నదానికంటే గట్టిగ. ఆయన చెవులు మళ్ల ఎర్రగైనయి. అమ్మను చూసి సిగ్గైందో, అట్ల గట్టిగ చెప్పినందుకు సిగ్గైందో ఆయనకే సమజ్ కాలేదు.

వాళ్లు దండం పెట్టి పోయిన్రు. నాగులమ్మ చీర కొంగు మోకాళ్ల మీదికి గుంజుకున్నది.

"ఎనుకకే తీస్కపో బిడ్డా," అన్నది. "ఈడ దుమ్ము. గాడ ఎండ మంచిగుంటది."

నిజంగ ఎండ కోసమేనా, లేకుంటే తన కోసమా విజేందర్‌కు తెలువలేదు. కొంచెం సేపు ఆమె పక్కనే గ్రానైటు మీద కూసున్నడు. "ఇంకొంచెం సేపు కూసుందాం అమ్మా," అన్నడు. ఆమె సరేనన్నది. ఎప్పటిలెక్కనే అన్నది. అందుకే ఆ సరేకు అర్థమేందో గూడ ఆయనకు తెలువలేదు.